పాత మియాటాలో ఆయిల్ కారుతోందా? ‘రియర్ మెయిన్ సీల్’ అనగానే డబ్బు కట్టకండి

పాత మాజ్దా మియాటా (చిన్న స్పోర్ట్స్ కారు) కొన్నవాళ్ళు, కొందామనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. చిన్న రబ్బరు రింగు మారిస్తే సరిపోయే పనికి నేను 1,380 డాలర్లు పోగొట్టుకున్నాను. ఇంకో 2,900 డాలర్లు కూడా కట్టబోయి, ఆఖరి నిమిషంలో ఆగాను.

నేనుండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. నిరుడు వేసవిలో 1992 మోడల్ మియాటా కొన్నాను. 1.6 లీటర్ల ఇంజన్, ఐదు గేర్లు, మీటరు మీద 1,64,000 మైళ్ళు. ఈ కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి ఎప్పటికైనా ఒకటి కొనాలని నా కోరిక. చూడటానికి వెళ్ళిన రోజు బానెట్ ఎత్తితే ఇంజన్ తళతళలాడుతోంది. ఎంత బాగా చూసుకున్నాడో అని సంబరపడ్డాను. ముప్పై ఏళ్ళు దాటిన ఇంజన్ అంత శుభ్రంగా ఉందంటే ముందురోజే కడిగి ఉంటారని అప్పుడు తట్టలేదు.

రెండో వారానికే గరాజులో పరిచిన అట్టముక్క మీద మరకలు మొదలయ్యాయి. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, కింది నుంచి చుక్కచుక్కగా పడుతోంది. హైవే మీద వెళ్ళొచ్చిన రోజు అరచేయంత మరక. పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేయడంలో తమను మించినవాళ్ళు లేరని చెప్పుకునే ఒక షాపుకి తీసుకెళ్ళాను. పేరు ఇక్కడ రాయను. కారు లిఫ్టు మీద పెట్టి, కింద నుంచి టార్చి వేసి, ఐదు నిమిషాల్లో తేల్చేశారు: “రియర్ మెయిన్ సీల్ పోయింది.”

ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. దాని వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు అది. సీలు ఖరీదు తక్కువే, దాని దగ్గరికి చేరడమే పెద్ద పని. గేర్‌బాక్స్ దించాలి. మియాటాలో గేర్‌బాక్స్‌నీ వెనకున్న డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది, ముందు దాన్ని విప్పాలి. తరువాత క్లచ్, ఫ్లైవీల్ తీయాలి. అందుకే బిల్లులో ఎక్కువ భాగం లేబరే. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా మార్చుకోమన్నారు. ఆ మాట సబబే, ఒప్పుకున్నాను.

1,380 డాలర్లు కట్టి కారు తెచ్చుకున్న తొమ్మిది రోజులకి అదే చోట అదే చుక్క. పైగా అరవై మైళ్ళ వేగం దాటితే గేర్‌రాడ్ దగ్గర అదురు కొత్తగా వచ్చింది. ఆ అల్యూమినియం ఫ్రేమ్‌ని తిరిగి బిగించేటప్పుడు గేర్‌బాక్స్ తోక ఎత్తు కొలిచి సరిచేయాలని తరువాత తెలిసింది. వీళ్ళు కొలవలేదు. మళ్ళీ వెళితే, “సీలు బాగానే ఉంది, ఇప్పుడు ఆయిల్ పాన్ నుంచి వస్తోంది” అన్నారు. ఈ కారులో పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాలంటే ఇంజన్ పైకి లేపాలి, లేదా ముందున్న సబ్‌ఫ్రేమ్ కిందికి దించాలి. అది నిజమే. ఎస్టిమేట్ 2,900 డాలర్లు. నేను దాదాపు సరే అన్నాను.

ఆ రాత్రి విజయవాడలో ఉన్న మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పిన మనిషి. మియాటా పేరు కూడా ఎప్పుడూ విని ఉండడు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు. “ఇంజన్ పైనంతా తుడిచి చూశారా నాన్నా?”

ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఆయిల్ ఎక్కడ చుక్క పడుతోందో అక్కడే పుట్టాలని లేదు. పైన ఎక్కడ కారినా ఇంజన్ వెనక గోడ వెంట జారి, బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గుల్ల) అడుగుకు చేరి, అక్కడి నుంచి పడుతుంది. కింద నిలబడి చూసేవాడికి అది అచ్చం రియర్ మెయిన్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. ఈ తరం మియాటాల్లో, అంటే 1990 నుంచి 1997 వరకు వచ్చిన మోడళ్ళలో, అలా మోసపుచ్చే భాగం ఒకటుంది. పేరు క్యామ్ యాంగిల్ సెన్సర్. సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గరగా, చేయి పట్టీపట్టని ఇరుకులో ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ కంప్యూటర్‌కి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులు ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో) చెప్పేది ఇదే. దాని మెడకు ఒక ఓ-రింగు. ముప్పై ఏళ్ళ వేడికి ఆ రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిపడి, కోణాలు తేలి, ఆయిల్‌ని ఆపలేకపోతుంది. కొత్తది రెండు మూడు డాలర్లు. మియాటాలు విప్పే ప్రతి మెకానిక్‌కీ తెలిసిన సంగతి ఇది. అందుకే నాకు అంత కోపం.

శనివారం పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కాయిల్, ఆల్టర్నేటర్, వైర్ల కనెక్టర్లకు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీగ్రీజర్ కొట్టి వెనక భాగమంతా కడిగాను. పూర్తిగా ఆరాక ఇంజన్ ఆయిల్‌లో యూవీ డై (అతినీలలోహిత వెలుతురులో మెరిసే రంగు) చిన్న సీసా పోశాను. ఇరవై నిమిషాలు నడిపి వచ్చి, చీకటి గరాజులో యూవీ టార్చి వేశాను. తల దూరదు కాబట్టి ఫోన్ కెమెరా లోపలికి పెట్టి చూశాను. సెన్సర్ మెడ నుంచి ఆకుపచ్చగా మెరుస్తూ ఒక గీత, హెడ్ వెనక నుంచి నేరుగా బెల్‌హౌసింగ్ మీదికి. పాన్ అంచులు పొడిగా ఉన్నాయి. షాపు వాళ్ళు లేబర్ గంటకు ఎంత తీసుకుంటారో నాకు తెలుసు. ఈ పరీక్షకు వాళ్ళకు ఒక గంట కూడా పట్టదు.

రింగు నేనే మార్చాను. మీరూ మార్చుకోవచ్చు, కానీ ఒక జాగ్రత్త. ఆ సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. విప్పేముందు సెన్సర్ మీద, హెడ్ మీద కలిపి ఒక గీత గీసుకోండి. పట్టి ఉంచేది ఒకే బోల్టు, 12 ఎంఎం పానా పడుతుంది. బిగించాక డయాగ్నొస్టిక్ బాక్సులో టెన్ (TEN), గ్రౌండ్ (GND) అని రాసి ఉన్న పిన్నులు వైరుతో కలిపి, టైమింగ్ లైటు పెట్టి 10 డిగ్రీలు ఉందో లేదో చూసుకోండి. కాలిఫోర్నియాలో ఇలాంటి పాత కార్లకు స్మాగ్ చెక్‌లో (పొగ కాలుష్య పరీక్షలో) టైమింగ్ కూడా చూస్తారు కాబట్టి ఇది వదలొద్దు. నాకు మొత్తం రెండున్నర గంటలు పట్టింది, అందులో సగం చేయి దూర్చడానికే.

అదే పనిలో వాల్వ్ కవర్ ప్యాకింగ్ కూడా మార్చాను. దాని విషయంలో షాపులు చేసే పాడు పని ఒకటి చెప్పాలి. కారడం ఆగాలని సిలికాన్ గమ్ చుట్టూ పూసేస్తారు. లోపలికి పిండుకుపోయిన గమ్ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజన్ ప్రాణానికే ముప్పు. గమ్ కావాల్సింది క్యామ్ క్యాపులు కలిసే మూలల్లో మాత్రమే, అదీ కొద్దిగా. కవర్ బోల్టులకు 5 నుంచి 9 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బలం చూపిస్తే బోల్టు తెగుతుంది.

పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే చిన్న కవాటం) కూడా తీసి ఊపి చూడండి. లోపల గలగలమని చప్పుడు రాకపోతే మూసుకుపోయినట్టే. అది మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి మంచి సీళ్ళ నుంచి కూడా ఆయిల్ బయటికి తోస్తుంది. నాది మూసుకుపోయే ఉంది. దీన్ని చూడకుండా సీళ్ళు ఎన్ని మార్చినా మళ్ళీ కారుతుంది.

ముందు వైపు కారుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి. రెండు క్యామ్ సీళ్ళు, ఒక క్రాంక్ సీలు టైమింగ్ బెల్టు వెనకే ఉంటాయి, ఆయిల్ తడిసిన బెల్టు త్వరగా పాడవుతుంది. బెల్టు 60,000 మైళ్ళకు మార్చాలి కాబట్టి ఆ పనిలోనే సీళ్ళు, వాటర్ పంపు కలిపి చేయించుకోండి. లేబర్ ఒక్కసారే పడుతుంది. వెనక కారే ఆయిల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. అది కిందున్న హీటర్ గొట్టాల మీద పడి రబ్బరుని మెత్తబరుస్తుంది. నా కారులో ఒక గొట్టం వేలితో నొక్కితే బన్ను రొట్టెలా అణిగింది. అది హైవే మీద పగిలితే కూలెంట్ మొత్తం పోయేది, ఇంజన్ వేడెక్కి హెడ్డే పోయేది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

చుక్క పడుతున్నది అసలు ఇంజన్ ఆయిలేనా అన్నది కూడా చూసుకోండి. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది. క్లచ్‌ని నొక్కే స్లేవ్ సిలిండర్ కారితే వచ్చేది బ్రేక్ ఫ్లూయిడ్, నీళ్ళలా పలచగా ఉండి పెయింట్‌ని తినేస్తుంది. తెల్ల కాగితం మీద పట్టి వాసన చూస్తే సగం సంగతి తెలుస్తుంది. కారడం ఆపుతాయని అమ్మే స్టాప్ లీక్ సీసాలు పోయకండి. అవి రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్ళు ఆపుతాయి, తరువాత సీలు ఇంకా మెత్తబడుతుంది. అమ్మేవాళ్ళు పోసి ఉండొచ్చు కూడా. అందుకే కొనేముందు కనీసం అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి, హెడ్ వెనక వేలితో తడిమి చూడండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. ఇక్కడ రిపేరు షాపు పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇచ్చి మన అనుమతి తీసుకోవాలి. పని అప్పగించేటప్పుడే అడిగితే విప్పిన పాత భాగాలు మనకు తిరిగివ్వాలి. నేను అడగలేదు, పాత సీలు నిజంగా పోయిందో లేదో ఇప్పుడు నిరూపించలేను. రిపేరు షాపులను చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి ఖర్చు లేదు. ఇన్‌వాయిస్, రెండో ఎస్టిమేట్, యూవీ ఫొటోలు పెట్టి గత వారం నేనూ ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.

రింగు మార్చి ఆరు వారాలైంది, 900 మైళ్ళు తిరిగాను, అట్టముక్క పొడిగానే ఉంది. అదురు మాత్రం అలాగే ఉంది, వచ్చే వారం ఆ ఫ్రేమ్ ఎత్తు నేనే కొలుస్తాను. ఫ్రీమాంట్, యూనియన్ సిటీ చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి ఎస్టిమేట్ ఇచ్చి ఉంటే సంతకం పెట్టకముందు నన్ను అడగండి. యూవీ టార్చి, మిగిలిన డై నా దగ్గరున్నాయి, ఇస్తాను.