పాత యుద్ధ విమానాలు చూడాలంటే బెంగళూరులో ఏది మేలు?

మా బావది విశాఖపట్నం. ఆయన దగ్గర విమానం మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆర్కే బీచ్ దాకా లాక్కెళ్లి, టీయూ-142 లోపల ఒక రౌండ్ తిప్పి గానీ వదలడు. మొన్న సెలవులకి అక్కా, బావా, ఇద్దరు పిల్లలూ మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చారు. "బెంగళూరులో కూడా విమానాల మ్యూజియం ఉంది బావా" అన్నాను. "మా దగ్గరున్నదాని కంటే పెద్దదేటి?" అన్నాడు వెంటనే.

నిజం చెప్పాలంటే ఆ గర్వంలో తప్పేం లేదు. టీయూ-142 చిన్న విమానం కాదు. ముక్కు నుంచి తోక దాకా 53 మీటర్లు. ఒక్కో ఇంజిన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. సముద్రం మీద జలాంతర్గాముల జాడ వెతకడానికి 1988లో మన నౌకాదళంలో చేరి, అరక్కోణం నుంచి ఎగురుతూ 2017 మార్చిలో రిటైరైంది. అదే ఏడాది డిసెంబర్‌లో బీచ్ రోడ్డులో మ్యూజియంగా తెరిచారు. అన్నిటికంటే ముఖ్యం, దాని కడుపులోకి ఎక్కి నడవొచ్చు. ఈ ఒక్క విషయంలో బెంగళూరు ఓడిపోయినట్టేనని ముందే ఒప్పేసుకుంటున్నా.

కానీ వాళ్లున్నది నాలుగు రోజులు. పిల్లల్లో చిన్నవాడికి ఏడేళ్లు, పెద్దదానికి పద్నాలుగు. ఎక్కడికి తీసుకెళ్లాలన్నది మా ఇంట్లో చిన్నపాటి పంచాయతీ అయింది. ఒకటి కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం, రెండోది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ వాళ్ల మ్యూజియం. చివరికి రెండూ చూశాం. అందుకే ఈ పోలిక.

విశ్వేశ్వరయ్య మ్యూజియం పేరు వినగానే అక్క ఓటు అటు పడింది. మోక్షగుండం మన ఆంధ్రా ఊరు కదా, విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడివాళ్లే. "మనవాళ్ల మ్యూజియం" అని ఆవిడ లెక్క. పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగితే అక్కణ్నుంచి దగ్గరే. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది పెద్ద సుఖం. ట్రాఫిక్‌లో ఒక గంట ఇరుక్కున్నాక ఏ విమానమూ ముద్దుగా కనపడదు.

అయితే ఒక్క మాట. అది విమానాల మ్యూజియం కాదు, సైన్స్ మ్యూజియం. ఆవరణలో బెంగళూరులోనే రూపొందిన మారుత్ యుద్ధ విమానం ఒకటి నిలబెట్టి ఉంటుంది. లోపల రైట్ సోదరుల విమానానికి అసలు సైజు నమూనా ఉంటుంది. మిగతాదంతా బటన్ నొక్కితే తిరిగేవీ, హ్యాండిల్ తిప్పితే వెలిగేవీ. మా చిన్నవాడు మూడు గంటలు ఒక్కసారి కూడా "ఇంటికెళ్దాం" అనలేదు. ఏడేళ్లవాడి నుంచి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఉండదు. కాకపోతే వాణ్ని అడిగితే అక్కడి డైనోసార్ గురించే చెబుతాడు, విమానం గురించి కాదు.

నాకు మాత్రం ఆ రైట్ విమానం దగ్గరే కాలు ఆగింది. కర్ర, గుడ్డ, తీగలు. పైలట్ బోర్లా పడుకుని నడపాలి. 1903 డిసెంబర్ 17న అది మొదటిసారి గాలిలో ఉన్నది 12 సెకన్లు, వెళ్లింది 120 అడుగులు. మా వీధిలో నీళ్ల ట్యాంకర్ రివర్స్ తీసుకునేంత దూరం. దాన్ని చూసి బయటికొచ్చి మారుత్ కింద నిలబడితే, రెంటికీ మధ్య గడిచింది అరవై ఏళ్లు కూడా కాదంటే నమ్మబుద్ధి కాదు. ఈ రెండూ ఒకే గేటు లోపల చూడొచ్చు, అది దీని ప్రత్యేకత.

మర్నాడు హెచ్ఏఎల్. నాకు ఆఫీసులో పని ఉండి, "ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో మ్యూజియం, నేను నేరుగా వస్తా" అని చెప్పి వెళ్లాను. బావ చెవికి "ఎయిర్‌పోర్ట్" ఒక్కటే ఎక్కింది. కుటుంబాన్నంతా దేవనహళ్లి వెళ్లే బస్సు ఎక్కించాడు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఉండగా ఫోన్, "ఇంకా ఎంత దూరంరా?" అని. ఇది ఆయన ఒక్కడి తప్పు కాదు. 2008 మే దాకా ఊరికి ఎయిర్‌పోర్ట్ అంటే హెచ్ఏఎల్ రన్‌వేనే. ప్రయాణికుల విమానాలు దేవనహళ్లికి వెళ్లిపోయాయి, రోడ్డుకి పేరు మాత్రం మిగిలింది. కాబట్టి మీ చుట్టాలకి చెప్పేటప్పుడు "ఎయిర్‌పోర్ట్" అనకండి, మారతహళ్లి నుంచి దొమ్మలూరు వెళ్లే దారి అని చెప్పండి. ఆ దారిలో మెట్రో లేదు. ఇది హెచ్ఏఎల్ మ్యూజియానికి పెద్ద మైనస్.

ఎండ రెండో మైనస్. విమానాలన్నీ ఆరుబయటే. మధ్యాహ్నం వెళ్తే విమానం రెక్క నీడ వెతుక్కోవాల్సి వస్తుంది. పొద్దున్నే వెళ్లండి.

ఇక ప్లస్ ఏమిటో చెప్పాలంటే మా పక్కింటి పెద్దాయన గురించి చెప్పాలి. ఆయనది హిందూపురం. 1968లో బెంగళూరు వచ్చి విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. మేం వెళ్తున్నామంటే "నేనూ వస్తా పద నాయనా" అని టోపీ పెట్టుకుని బయల్దేరారు. మారుత్ దగ్గరికి రాగానే ఆయన నడక మారిపోయింది. నేరుగా పొట్ట కిందికి వెళ్లి, మా పెద్దదాన్ని పిలిచి, రేకుల మీద రివెట్ల వరుస చూపించారు. ముట్టుకోలేదు. వేలిని అంగుళం దూరంలో ఉంచి, ఒక్కో రివెట్ మీదుగా జరుపుకుంటూ వెళ్లారు. "చూడమ్మా, ఒక్కదాని తలైనా పైకి లేచిందా? లేస్తే గాలి పట్టుకుంటుంది. రేకుని ముందే గుంట చేసి, తల అందులో కూర్చునేలా కొట్టాలి. ఒకరు బయట గన్ను పట్టుకుంటే ఇంకొకరు లోపల దూరి ఇనుప దిమ్మె అదిమి పట్టాలి. లోపల దూరేది ఎప్పుడూ సన్నగా ఉన్నవాడే." ఆ సన్నగా ఉన్నవాడు ఎవరో అడగక్కర్లేకపోయింది.

ఆ తర్వాత మారుత్ కథ విన్నాం. జర్మనీలో ఎఫ్‌డబ్ల్యూ-190 యుద్ధ విమానాన్ని డిజైన్ చేసిన కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి, ఇక్కడి ఇంజినీర్లతో కలిసి దీన్ని రూపొందించాడు. అసలుది తయారయ్యే ముందు, 1959లో, అదే ఆకారంలో ఇంజిన్ లేని చెక్క గ్లైడర్ చేసి, డకోటా విమానంతో లాగించి ఎగరేసి చూశారట. అసలు విమానం 1961 జూన్ 17న ఇక్కడి రన్‌వే మీంచే లేచింది. నడిపింది సురంజన్ దాస్. 1970లో మారుత్ ప్రోటోటైప్ కూలి ఆయన చనిపోయారు. రోజూ సురంజన్ దాస్ రోడ్డులో సిగ్నల్ దగ్గర హారన్ కొట్టే నాకు ఆ పేరు ఎవరిదో అప్పటిదాకా తెలియదు. సిగ్గుపడ్డాను.

చూడ్డానికి మారుత్‌ని మించినది లేదు. నడుము దగ్గర సన్నబడి, రెక్కలు వెనక్కి వాలి, నిలబడినా కదులుతున్నట్టే ఉంటుంది. కానీ అనుకున్న ఇంజిన్ దొరకలేదు. చేతికందిన ఓర్ఫియస్ 703లు రెండు బిగించారు. ధ్వని వేగానికి రెట్టింపు అందుకోవాలని గీసిన విమానం, ధ్వని వేగాన్ని దాటడానికే ఆయాసపడింది. అయినా మొత్తం 147 తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు నేల మీది లక్ష్యాల మీద దాడులు చేశాయి. "పెళ్లికొడుకు బాగున్నాడు, గుర్రమే కుదర్లేదు" అన్నారు పెద్దాయన.

పక్కనే మిగ్-21 ఉంది. దాని ముందు ఫొటో దిగడానికి పిల్లలు క్యూ కట్టారు. 1963లో వచ్చి 2025 సెప్టెంబర్‌లో రిటైరైన విమానం కదా, వార్తల్లో చూసి గుర్తుపడుతున్నారు. మన దేశంలోనే 600కి పైగా తయారయ్యాయి, నాసిక్‌లో విమానం, కోరాపుట్‌లో ఇంజిన్. "కోరాపుట్ మా పక్కనేరా!" అని బావ మొదటిసారి ఉత్సాహపడ్డాడు. హెచ్‌టీ-2, కిరణ్, అజీత్ కూడా ఉన్నాయి. హెచ్‌టీ-2 దగ్గర ఎవరూ ఆగరు, చిన్న ట్రైనర్ విమానం, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. 1951లో ఎగిరిన ఆ బొమ్మ దగ్గరే, హెచ్ఏఎల్ డిజైనర్ ఘాటగే గారి డిజైన్ దగ్గరే, ఈ కథంతా మొదలైందని నేను ఆగాను.

లోపలి హాల్లో కోసి చూపించిన ఇంజిన్లు ఉన్నాయి. పదో తరగతి చదివే పిల్లలుంటే అక్కడ అరగంట కేటాయించండి. టర్బైన్ బొమ్మ పుస్తకంలో ఎన్నిసార్లు గీసినా అర్థం కానిది అక్కడ ఒక్క చూపుతో తెలిసిపోతుంది. చిన్నవాడికి మాత్రం పది నిమిషాల్లో విసుగొచ్చింది. నొక్కడానికి బటన్లు లేవని వాడి ఫిర్యాదు.

ఇక మూడో మాట, ఏరో ఇండియా. చాలామంది "మ్యూజియం ఎందుకు, యెలహంకలో ఎగిరేవే చూడొచ్చు కదా" అంటారు. 1996 నుంచి రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన అది. చెవులు చిల్లులు పడే మోత, సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు, అన్నీ నిజమే. కానీ టికెట్, పార్కింగ్, ఎండ, జనం. పైగా అక్కడ విమానం తల పైనుంచి వెళ్లిపోతుంది, దాని రివెట్ చూడలేం. పోలికలో కూర్చోబెట్టడమే సరికాదు.

నా లెక్క ఇదీ. పదేళ్ల లోపు పిల్లలుంటే రెండో ఆలోచన లేకుండా విశ్వేశ్వరయ్య మ్యూజియం. పెద్ద పిల్లలూ, విమానాల పిచ్చి ఉన్నవాళ్లూ అయితే హెచ్ఏఎల్, అదీ పొద్దున్న పూట, కుదిరితే ఆ పనిచేసిన పెద్దవాళ్లెవరినైనా వెంటబెట్టుకుని. బోర్డు మీద రాసింది చదివి వచ్చేస్తే ఒక గంట. చెప్పేవాళ్లుంటే పూట చాలదు. ఒక్క రోజే ఉంటే నేనైతే హెచ్ఏఎల్‌కే వెళ్తాను, ఎందుకంటే మారుత్ పుట్టిందీ, ఎగిరిందీ, ఆగిందీ ఆ చుట్టుపక్కలే. మేం తిరిగి వస్తుంటే రన్‌వే వైపు నుంచి ఒక హెలికాప్టర్ లేచింది. అందరం తలెత్తాం. పెద్దాయన మాత్రం ఎత్తలేదు, మోత వినే "ధ్రువ్" అన్నారు.

బావ ఓటమి ఒప్పుకున్నాడా అంటే లేదు. "లోపలికి ఎక్కనివ్వలేదు కదా" అని రైలెక్కే దాకా అంటూనే ఉన్నాడు. నిన్న మాత్రం ఫోన్ చేసి, యెలహంకలో మిద్దె ఉన్న స్నేహితులెవరైనా నీకున్నారా అని అడిగాడు.