పిప్ వాడాలా, కోండా వాడాలా?

పైథాన్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహమే ఇది. రెండూ ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను, మన కంప్యూటర్‌లోకి తెచ్చిపెట్టే టూల్సే.

ఖర్చు: పిప్ ఉచితం, పైథాన్ 3.4 నుంచి దాంతోపాటే వస్తోంది. కోండా కూడా ఉచితమే. కానీ దాన్ని తయారుచేసిన అనకొండా సంస్థ ప్యాకేజీలు వాడాలంటే 200 మంది దాటిన కంపెనీలు లైసెన్సు కొనాలి. ఆ గొడవ వద్దనుకుంటే మినీఫోర్జ్ అనే చిన్న ఇన్‌స్టాలర్‌తో కోండా పెట్టుకుని, ప్యాకేజీలను కోండా-ఫోర్జ్ అనే కమ్యూనిటీ భండారం నుంచి తెచ్చుకోవచ్చు.

డిస్కు: పిప్ తేలిక. కోండాతోపాటు బోలెడు ప్యాకేజీలు కలిపి వచ్చే పూర్తి అనకొండా జీబీలకు జీబీలు తినేస్తుంది.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పిప్ చూసేది పైథాన్ ప్యాకేజీలనే. మ్యాపుల పనికి జీడాల్ (మ్యాపుల డేటా చదివే ప్యాకేజీ) కావాలనుకోండి, దాని సీ++ లైబ్రరీ సిస్టమ్‌లో ముందే ఉండాలి, వెర్షనూ కుదరాలి. లేదంటే ‘జీడాల్-కాన్ఫిగ్’ దొరకలేదంటూ తెరనిండా ఎర్రర్లు. కోండా అయితే ఆ లైబ్రరీనే కాదు, కావాలంటే పైథాన్‌నే వెంటబెట్టుకొస్తుంది. లెక్కలకు, డేటాకు వాడే నమ్‌పై, పాండాస్‌లకు మాత్రం పిప్‌తోనూ ఈ టెన్షన్ లేదు, ముందే తయారుచేసి పెట్టిన వీల్ ఫైళ్లు రెడీగా ఉంటాయి.

రిస్కు: కొత్త ఉబుంటులో వెన్వ్ (ప్రాజెక్టుకో విడి పైథాన్ గది లాంటిది) లేకుండా పిప్ కొడితే సిస్టమే అడ్డుకుంటుంది. కమాండ్‌కు బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టి దాటేయకండి, పేరులోనే ఉంది సంగతి! కోండాలో చిక్కు వేరు. మధ్యలో పిప్‌తో వేసినవి దాని లెక్కలోకి సరిగ్గా రావు, తర్వాత ఏది అప్‌డేట్ చేసినా చెడిపోవచ్చు. రెండూ కలపక తప్పదంటే కోండావి ముందు, పిప్‌వి చివర.

జాంగో, ఫ్లాస్క్‌లతో చేసే వెబ్‌సైట్లకు, కాలేజీ ప్రాజెక్టులకు పిప్, వెన్వ్ చాలు. మ్యాపులు, బయోఇన్ఫర్మాటిక్స్, ఆర్ భాష కూడా కలిసిన పనైతే కోండా. డాకర్‌లో (యాప్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి ప్యాక్ చేసే టూల్) పెట్టి సర్వర్‌కు పంపే మామూలు వెబ్ యాప్ అయితే నా ఓటు పిప్‌కే.