పెద్దమనుషుల పంచాయితీయా, ఫ్యామిలీ కౌన్సెలింగా?

తిరుపతిలో ఇంటి గొడవ ముదిరితే ముందు కబురు వెళ్లేది మేనమామకే. ఆస్తి పంపకాలు, పెళ్లి ఖర్చుల వంటి తగవులకు ఆ పద్ధతే మేలు. ఆయనకు ఇరుపక్షాలూ తెలుసు, ఫీజు లేదు, ఒక్క పూటలో తేలిపోతుంది.

అదే గొడవ ప్రతి నెలా వేరే పేరుతో తిరిగి వస్తుంటే? నిన్న కరెంటు బిల్లు, నేడు కొడుకు ఇంటర్ మార్కులు. తండ్రీ కొడుకూ ఒకే సోఫాలో కూర్చుని, "వాడిని భోజనానికి రమ్మను" అని తల్లి చేత చెప్పించే స్థితి వస్తే, అక్కడ తీర్పుతో పని లేదు. మేనమామ "సర్దుకుపోండి" అని కాఫీ తాగి వెళ్తాడు. కౌన్సెలరైతే తల్లిని కాసేపు ఆగమని, ఆ ఇద్దరినీ నేరుగా మాట్లాడుకోమనవచ్చు. తప్పు ఎవరిదన్నది కాదు, మాట ఎక్కడ తెగుతోందన్నది చూస్తారు. దీనికి వారాలు పడుతుంది. ఇంటిల్లిపాదీ రాకపోయినా వచ్చినవారితో మొదలుపెట్టవచ్చు. పిల్లలు బడికి వెళ్లనని మొండికేసినా, ఒకరి తాగుడు చుట్టూ అందరి దినచర్యా తిరుగుతున్నా ఇక ఆగకూడదు.

గుట్టు విషయంలో నా ఓటు కౌన్సెలర్‌కే. మేనమామకు చెప్పింది వచ్చే పెళ్లిలో తిరుచానూరు దాకా వినిపిస్తుంది.

ఇంట్లో కొట్టడం ఉంటే మాత్రం ఈ రెండూ తర్వాతే. అందరి ముందూ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు పడవచ్చు. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181. మిగతావాటికి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది; ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.