యాపిల్ బటర్: రాగి కాగులోనా, స్లో కుక్కర్‌లోనా?

పేరుకే బటర్, ఇందులో వెన్న ఉండదు. యాపిల్ గుజ్జును ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా మగ్గించడమే.

శ్రమ: కట్టెల పొయ్యి మీద కాగైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెడ్డు ఆగకూడదు, చేతులు మారుతుండాలి. స్లో కుక్కర్ అంటే సన్న వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు పాత్ర, ప్రెషర్ కుక్కర్ కాదు. అందులో అప్పుడప్పుడు కలిపితే చాలు. కాకపోతే మూత కాస్త ఓరగా పెట్టాలి, లేదంటే ఆవిరి నీరై మళ్లీ అందులోకే దిగుతుంది.

ఖర్చు: కాగుకి కట్టెలు, బుట్టలకొద్దీ పళ్లు. కుక్కర్‌కి రెండు మూడు కిలోలు.

రిస్క్: కాగు అడుగంటిందా, మొత్తం మాడు వాసనే. కుక్కర్‌లో మహా అయితే పల్చగా మిగులుతుంది. చల్లటి ప్లేటు మీద చెంచాడు వేసి చూడండి. చుట్టూ నీరు ఊరకపోతే అయినట్టే.

పొగ వాసన సంగతి అటుంచి, కాగు దగ్గర దొరికే కబుర్లు కుక్కర్ దగ్గర దొరకవు. బంధువులంతా చేరే రోజుకి కాగు, నలుగురే ఉన్న ఇంటికి కుక్కర్.