పదివేల లోపు చిన్న రిమోట్ విమానం: ఏది కొనాలి, ఎందుకు కొనాలి

పెట్టె మీద యుద్ధవిమానం బొమ్మ చూసి ముచ్చటపడి కొన్న మా మొదటి రిమోట్ విమానం సరిగ్గా మూడు రోజులు బతికింది. దాని తయారీదారు పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే అచ్చం అలాంటివే పది పేర్లతో, పది రంగుల్లో దొరుకుతున్నాయి. తప్పు ఒక కంపెనీది అనేకన్నా ఆ రకం విమానానిదే అనడం న్యాయం. రెక్కల మీద చెరొక చిన్న మోటారు ఉంటుంది. రెండూ వేగంగా తిరిగితే విమానం పైకి లేస్తుంది, రెండూ నెమ్మదిస్తే కిందికి దిగుతుంది, ఒకటి రెండోదానికన్నా వేగంగా తిరిగితే పక్కకు మళ్లుతుంది. అంతకు మించి తోకలో గాని రెక్కలో గాని కదిలే భాగం ఒక్కటీ లేదు. అందువల్ల ముక్కు పైకెత్తాలన్నా దించాలన్నా మోటారు వేగం తప్ప మన చేతిలో వేరే సాధనం ఉండదు, కాస్త గాలి తగిలితే ఆ సాధనమూ చాలదు. మూడో రోజున రెక్క విరిగితే, ఇంట్లో ఉన్న చుక్క జిగురు, అదే క్షణంలో అంటుకునే రకం, వేశాను. అది థర్మాకోల్‌ను అంటించకపోగా కరిగించి, రెక్క మధ్యలో అణా కాసంత బెజ్జం చేసింది.

ఆ బెజ్జంలోంచి చూసిన తర్వాతే అసలు ఏం కొనాలో ఆలోచించడం మొదలుపెట్టాను. మేము తెనాలి దగ్గర ఉంటాం, నాకు ఆదివారం ఉదయం గంటా గంటన్నర తప్ప తీరిక దొరకదు, తోడుగా వచ్చేది పదేళ్ల మా అమ్మాయి. పోటీల్లో పాల్గొనే ఉద్దేశం గాని, సొంతంగా విమానం తయారుచేసే ఓపిక గాని మాకు లేవు. పెట్టె తెరిచి, బ్యాటరీ పెట్టి, ఎగరేసి, ఇంటికి వచ్చి టిఫిన్ తినగలిగితే చాలు. ఇలాంటివారికి విమానం ఎంత వేగంగా పోతుందన్నది కాదు, కింద పడకుండా ఎంత నెమ్మదిగా పోగలదన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న అని నాకు అర్థమైంది. నెమ్మదిగా పోయే విమానం మనకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది, పడినా మెల్లగా పడుతుంది, చిన్న మైదానంలోనే మలుపు తిరుగుతుంది.

ఆ నెమ్మది దేనివల్ల వస్తుందంటే, బరువు తక్కువగా ఉండి రెక్క వైశాల్యం ఎక్కువగా ఉండడం వల్ల. అర మీటరు రెక్కతో వంద గ్రాముల లోపు ఉన్న విమానం పిల్లవాడు పరుగెత్తే వేగంతోనే గాలిలో నిలబడుతుంది. రెక్క శరీరానికి పైన ఉండి, రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉంటే మరీ మంచిది, ఎందుకంటే అలాంటి విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు తనంతట తాను సర్దుకునే స్వభావం కలిగి ఉంటుంది. చాలా యుద్ధవిమానాల నమూనాల్లో రెక్క కింద ఉంటుంది. చూడడానికి అందమే గాని, అది మన తప్పును సరిదిద్దదు, పెద్దది చేస్తుంది.

ఈ లెక్కలతో వెతికితే చివరికి మూడు మిగిలాయి. మొదటిది డబ్ల్యూఎల్ టాయ్స్ వారి ఎఫ్949, సెస్నా 182 నమూనా. రెక్క అర మీటరు, మూడు చానళ్లు. అంటే మోటారు వేగానికి ఒకటి, ముక్కు ఎత్తి దించే ఎలివేటర్‌కు ఒకటి, పక్కకు తిప్పే రడ్డర్‌కు ఒకటి. రెండోది వోలాంటెక్స్ వారి రేంజర్ 400. దీనికీ మూడు చానళ్లే, కానీ ప్రొపెల్లర్ ముక్కు దగ్గర కాకుండా రెక్క వెనక ఉంటుంది. మూడోది అదే కంపెనీ స్పోర్ట్ కబ్ 500. ఇందులో రెక్క చివర్లలో కదిలే ఐలరాన్లు కూడా ఉంటాయి కాబట్టి నాలుగు చానళ్లు, వాటికి తోడు విమానాన్ని తనే సమంగా పట్టి ఉంచే గైరో ఒకటి. అదే కంపెనీ ముస్టాంగ్ పి-51 అనే యుద్ధవిమానం నమూనా కూడా చేస్తుంది. మా అమ్మాయి వేలు దాని మీదికే పోయింది, కానీ కింద రెక్క ఉన్నదాన్ని మొదటి విమానంగా కొనకూడదని నేను అప్పటికే తీర్మానించుకున్నాను.

నేను తీసుకున్నది స్పోర్ట్ కబ్. పదివేల లోపే పడింది, సొంత డబ్బుతో కొన్నదే. పసుపు రంగులో పైరెక్క ఉన్న ఈ ఆకారానికి మూలం అమెరికాలో 1938 నుంచి 1947 వరకు తయారైన పైపర్ జె-3 కబ్ అనే రెండు సీట్ల విమానం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ వేలాది మంది పైలట్లు దాని మీదే తొలి పాఠాలు నేర్చారు. నేర్చుకునేవాళ్ల తప్పులను భరించడానికే పుట్టిన ఆకారం ఎనభై ఏళ్ల తర్వాత ఫోమ్ బొమ్మగా మారినా ఆ గుణం పోలేదన్నది నాకు మొదటి ఉదయమే తెలిసింది.

ఎగరేసే ముందు రెండు పనులు చేస్తాను, రెండూ చిన్నవే గాని మానకూడనివి. ఒకటి, బ్యాటరీ లోపల పెట్టాక రెండు చూపుడు వేళ్లను రెక్కల కింద, రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఆనించి విమానాన్ని ఎత్తుతాను. అది సమంగా గాని, ముక్కు వైపు ఒక పిసరు వంగి గాని నిలవాలి. తోక వైపు వాలిందంటే బ్యాటరీని కొంచెం ముందుకు జరపాలి. తోక బరువైన విమానాన్ని ఏ గైరో కూడా దారిలో పెట్టలేదు. రెండోది, స్విచ్ వేసిన వెంటనే విమానాన్ని చదునైన నేల మీద కదలకుండా ఉంచడం. ఏది సమం, ఏది వాలు అని గైరో ఆ కొద్ది క్షణాల్లోనే గుర్తుపెట్టుకుంటుంది; అప్పుడు చేతిలో వంకరగా పట్టుకుంటే ఆ వంకరే దానికి సమం అవుతుంది.

ఇక విసరడం. కాగితం విమానాన్ని విసిరినట్టు ఆకాశంలోకి విసరాలని అందరి చేతికీ అనిపిస్తుంది, అదే తప్పు. థ్రాటిల్, అంటే మోటారు వేగాన్ని పెంచి తగ్గించే స్టిక్కు, ముప్పావు వంతు పెట్టి, గాలికి ఎదురుగా నిలబడి, భుజం ఎత్తులో నేలకు సమాంతరంగా ముందుకు తోసినట్టు వదలాలి. గచ్చు నేల ఉంటే చక్రాల మీద పరుగెత్తించి కూడా లేపవచ్చు; మేము వెళ్లే బడి ఆటస్థలంలో గడ్డి ఉండడం వల్ల దాని బుల్లి చక్రాలు చిక్కుకుంటాయి, అందుకే చేత్తోనే వదులుతాం. గైరోకు మూడు స్థాయిలు ఉన్నాయి. మొదటి స్థాయిలో విమానం ఒక హద్దు దాటి ఒరగదు, స్టిక్కులు వదిలేస్తే తనే సమంగా వస్తుంది. ఆఖరి స్థాయిలో ఆ సాయం ఉండదు. నాలుగు వారాల పాటు మొదటి స్థాయి దాటలేదని చెప్పడానికి నేనేమీ సిగ్గుపడను.

గైరో కూడా తీర్చలేని కష్టం ఒకటుంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపు కుడి అంటే కుడే. అది తిరిగి మన వైపు వస్తున్నప్పుడు మన కుడి దానికి ఎడమ అవుతుంది, చేయి తడబడుతుంది. రెండో ఆదివారం రిమోట్ చేతిలో పెట్టగానే మా అమ్మాయి అడిగిన మొదటి మాట, ‘నాన్నా, అది వస్తోందా, పోతోందా?’ అని. యాభై గజాల దూరంలో పొద్దుటి వెలుగుకు ఎదురుగా ఉన్న ఆ చిన్న నల్లటి గీత ఎటు వెళ్తోందో నిజానికి నాకూ తెలియలేదు. అప్పటి నుంచి రెండు ఉపాయాలు పాటిస్తున్నాం. రెక్కల అడుగున ఒక పక్క ఎర్ర టేపు అంటించాం. ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే స్టిక్కును ఆ రెక్క వైపే నెట్టాలని, కూలుతున్న గోడకు ఊతకర్ర ఆనించినట్టు అనుకోమని ఆమెకు చెప్పాను. కుడి ఎడమల లెక్క వేసుకోవడం కన్నా అది త్వరగా పట్టుబడింది.

ఈ తరహా విమానం గురించి గట్టిగా చెప్పవలసిన లోపం గాలి. వంద గ్రాములు కూడా లేని వస్తువు నెమ్మదిగా ఎగురుతుందంటే గాలి దాన్ని అంత సులువుగా లాక్కుపోతుందని అర్థం. ఒకే గుణానికి అది రెండో ముఖం. వేపచెట్టు చిటారుకొమ్మ ఆకులు కదలకుండా ఉంటే హాయిగా ఎగురుతుంది, ఆకులు వణుకుతుంటే జాగ్రత్తగా ఎగరేయాలి, కొమ్మలు ఊగుతుంటే పెట్టెలోంచి తీయనే కూడదు. డిసెంబరులో ఒకనాడు ఆలస్యంగా లేచి, తొమ్మిదిన్నరకు మైదానానికి వెళ్లి, గాలి వాలుకు వదిలి, నా తెలివితక్కువతనాన్ని నేనే చూసుకున్నాను. విమానం ముక్కు మా వైపే ఉంది, మోటారు పూర్తి వేగంతో తిరుగుతోంది, అయినా అది వెనక్కి వెనక్కి పోయి కాలువ దాటి చేలో దిగింది. మా ప్రాంతంలో వరి కోసే ముందే చేలో మినుములు చల్లుతారు. కొయ్యకాళ్ల మధ్య అప్పుడే రెండాకులు వేసిన మినుము మొక్కలను తొక్కకుండా, గట్టు మీద నిలబడిన రైతు చూపు నా వీపు మీద ఉండగా, నేను కాలు మోపిన తీరు ఊళ్లో ఇంకా చెప్పుకుంటున్నారు. అప్పటి నుంచి విమానాన్ని ఎప్పుడూ గాలి వచ్చే దిక్కునే తిప్పుతాను, మోటారు ఆగినా అది నా దగ్గరికే కొట్టుకొస్తుంది.

అన్నట్టు, ఇంత చదువుతున్నవారికి సముద్రపు ఒడ్డు అనువుగా ఉంటుందని తోచవచ్చు, మాకూ తోచింది. కానీ పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి వీస్తుంది, ఇసుక మోటారు గేర్ల సన్నటి పళ్లలో దూరుతుంది, పైగా మాకు దగ్గరైన సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది. నియమాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు మించనివి నానో తరగతిలోకి వస్తాయి, వాటిని నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంత మాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని పటంలో మన చోటు ఆకుపచ్చగా ఉందో లేదో చూసుకోవాలి. అలా ఉన్నచోట 400 అడుగుల వరకు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే వీలుంటుంది. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల ఉండే హైదరాబాద్ వాళ్లు ఈ పటం చూడకుండా పెట్టె తెరవవద్దు. నిజానికి 200 అడుగుల ఎత్తుకు పోతే ఇంత చిన్న విమానం కంటికి ఆనదు కూడా. నేను తాటిచెట్టు ఎత్తు దాటనివ్వను. సంక్రాంతి ముందు వెనక పది రోజులు మాత్రం గాలిపటాల దారాల వల్ల విమానాన్ని అటక మీదే ఉంచుతాను.

మిగతా రెండింటి సంగతి. ఎఫ్949 మా పక్కవీధి కుర్రాడి దగ్గర ఉంది, దాన్ని నాలుగైదు సార్లు నడిపాను. గైరో సాయం లేకుండా మలుపులు నేర్చుకోవాలనుకునేవారికి అది మంచి గురువు, కాకపోతే మొదటి వారం ఓర్పు కావాలి. వెనక ప్రొపెల్లర్ ఉన్న రేంజర్ 400 పద్ధతిని చిన్నపిల్లలు ఉన్న ఇంటికి నేను ముందు సిఫారసు చేస్తాను. ముక్కు నేలకు కొట్టుకున్నప్పుడు ప్రొపెల్లర్ విరగదు, ఎదురుగా నిలబడ్డ పిల్లల వేళ్లకూ దూరంగా ఉంటుంది. పన్నెండేళ్లు దాటినవారు, కొన్నాళ్లకు పల్టీలు కొట్టించాలనుకునే పెద్దలు నాలుగు చానళ్లకే డబ్బు పెట్టాలి, లేకపోతే మూడు నెలల్లో ఇంకోటి కొనవలసి వస్తుంది.

బ్యాటరీ విషయంలో నాకు కలిగిన ఒకే ఒక ఫిర్యాదు విమానం మీద కాదు, అదనపు బ్యాటరీ పంపిన ఆన్‌లైన్ దుకాణం మీద. వచ్చిన రెండింటిలో ఒకటి అప్పటికే అప్పడంలా ఉబ్బి ఉంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టడం ఇంటికి నిప్పు పెట్టడంతో సమానం కాబట్టి ఫొటో తీసి వాపసు అడిగితే, ‘ఒకసారి చార్జ్ చేసి చూడండి సార్’ అన్నారు. పదకొండు రోజులు వెంటపడితే డబ్బు తిరిగి వచ్చింది. పెట్టెతో వచ్చిన బ్యాటరీకి నా చేతిలో తొమ్మిది పది నిమిషాలు ఎగురుతుంది, నిండడానికి గంట పైనే పడుతుంది. నిండినప్పుడు 4.2 వోల్టులు ఉండే ఈ ఘటాన్ని అలాగే వారాల తరబడి ఉంచితే త్వరగా పాడవుతుంది, 3 వోల్టుల కిందికి దిగనిచ్చినా పాడవుతుంది. అందుకే శనివారం రాత్రి, నేను మేలుకుని ఉండగానే, వంటింటి గచ్చు మీద పెట్టి చార్జ్ చేస్తాను. ఎగురుతున్నప్పుడు మోటారు రొద సన్నబడిందంటే మరో మలుపు కోసం ఆశపడకుండా దించేయాలి.

విమానంతో పాటే రెండు అదనపు ప్రొపెల్లర్లు తెప్పించుకోండి, కొన్న రోజే. కొనే ముందు ఆ దుకాణంలో ప్రొపెల్లర్, చక్రాల కాళ్లు, తోక విడిగా దొరుకుతాయో లేదో చూడండి. దొరకకపోతే విమానం ఎంత చవకైనా వద్దు. కూలబోతోందని తెలిసిన క్షణంలో మొదట థ్రాటిల్ పూర్తిగా తగ్గించాలి, ఎందుకంటే గడ్డిలో ఇరుక్కున్న ప్రొపెల్లర్‌ను తిప్పాలని పెనుగులాడే మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఈ ఒక్కటీ అలవాటు కావడానికి నాకు రెండు ప్రొపెల్లర్లు ఖర్చయ్యాయి. మా అమ్మాయికి ఇంతవరకు ఒక్కటి కూడా కాలేదు.