ఫోన్ బిల్లు లెక్క: పట్టికా, సమీకరణమా?

మొదటి ప్లాన్‌లో నెలకు 100 కట్టాలి, ఆపైన మాట్లాడిన నిమిషానికి 2. రెండో దానిలో నెలకు 220, నిమిషానికి 1.20. ఎన్ని నిమిషాలకు రెండు బిల్లులూ సమానం?

పట్టిక వేస్తే 100 నిమిషాలకు 300, 340 వస్తాయి. 200 నిమిషాలకు 500, 460. అంటే మధ్యలో ఎక్కడో తక్కెడ అటు మొగ్గింది. 150 దగ్గర చూస్తే రెండూ 400.

సమీకరణంతో అయితే మూడు లైన్లే. నిమిషాలను ‘ని’ అనుకుంటే:
100 + 2ని = 220 + 1.2ని
0.8ని = 120
ని = 150

వేగంలో దీనికి తిరుగులేదు. కానీ మొదటి ప్లాన్‌కు ‘50 నిమిషాలు ఉచితం’ అన్న ముక్క చేరిందంటే చిక్కే. పిల్లలు 100 + 2(ని − 50) అని రాసేసి, 30 నిమిషాలకు బిల్లు 60 అని తేలుస్తారు. నెలవారీ చార్జీయే 100 అయినప్పుడు 60 ఎలా వస్తుంది? పట్టికలో 0, 30, 50 నిమిషాలు వరుసగా రాస్తే బిల్లు 100 దగ్గరే ఆగి ఉండటం కళ్లకు కనిపిస్తుంది. అందుకే నేర్పేటప్పుడు నా ఓటు ముందు పట్టికకే.

జవాబు దశాంశంలో వచ్చే లెక్కలకు మాత్రం సమీకరణమే పట్టాలి. అక్కడా ఒక జాగ్రత్త: 7.5 నిమిషాలంటే 7 నిమిషాల 30 సెకన్లు, 50 సెకన్లు కాదు.