పీవీలిబ్: సౌర విద్యుత్ పరిశోధనలోకి వచ్చేవారికి మొదటి పనిముట్టుగా ఎంతవరకు పనికొస్తుంది?

సౌర విద్యుత్ పరిశోధనలోకి రావాలనుకునేవారికి సాఫ్ట్‌వేర్ దగ్గరే మొదటి చిక్కు. బొమ్మలు, బటన్లు ఉన్న ప్యాకేజీ పట్టుకుంటే సాయంత్రానికల్లా ఏడాది ఉత్పత్తి గ్రాఫ్ చేతికొస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నోరు పెగలదు. పీవీలిబ్‌లో బటన్లు లేవు. అది పైథాన్‌లో పిలుచుకునే ఫంక్షన్ల మూట. సూర్యుడు ఎక్కడున్నాడు, వాలుగా నిలిపిన ప్యానెల్ మీద ఎంత వెలుగు పడింది, సెల్ ఎంత వేడెక్కింది, డీసీ ఎంత, ఏసీ ఎంత అని ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఫంక్షన్ ఉంటుంది, కొన్నింటికి అరడజను. వాటిని వరసలో పేర్చుకునే పని మనదే. నేర్చుకునే దశలో దీనికి మించిన పనిముట్టు లేదని మా అభిప్రాయం. అయితే దీనికో చెడ్డ గుణం ఉంది: తప్పు ఇస్తే అరవదు, తప్పు జవాబే నింపాదిగా చేతిలో పెడుతుంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాల మ్యాట్‌ల్యాబ్ కోసం రాసిన సాధనాల నుంచి ఇది పుట్టింది. ఇప్పుడు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా నడుస్తోంది, బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉచితం. 2018లో, మళ్లీ 2023లో జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో దీని మీద పేపర్లు వచ్చాయి. థీసిస్‌లో వాడితే వాటినే ఉదహరించాలి. ఇన్‌స్టాలేషన్ ఒక్క పిప్ కమాండ్‌తో అయిపోతుంది. పైథాన్ మీద, పాండాస్ (పట్టికల డేటాతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) టైమ్ సిరీస్ మీద కొంత పట్టు లేకుండా దీని జోలికి రావద్దు. కొత్తవారు పీవీలిబ్‌లో ఇరుక్కున్నామనుకునే సందర్భాల్లో సగం నిజానికి పాండాస్‌లో ఇరుక్కున్నవే.

ఇక తప్పుల సంగతి. వీటిలో పెద్దది కాలం. టైమ్‌స్టాంపులకు టైమ్ జోన్ తగిలించకపోతే సూర్యుడి స్థానం లెక్కకట్టే ఫంక్షన్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి, గడియారానికీ యూటీసీకీ 4 గంటల తేడా ఉంటే ఏకంగా 60 డిగ్రీలు పక్కకు పోయాడన్నమాట. అంత పెద్ద తప్పు గ్రాఫ్‌లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి దానివల్ల భయం లేదు. భయపెట్టేది అరగంట తప్పు. గంటవారీ డేటాలో 10 గంటల దగ్గర రాసిన విలువ 9 నుంచి 10 వరకు సగటా, 10 నుంచి 11 వరకు సగటా, లేక సరిగ్గా 10 గంటలకు తీసిన క్షణపు విలువా? ఒక్కో డేటా సంస్థది ఒక్కో పద్ధతి. సగటు విలువైతే ఆ గంట మధ్యలో సూర్యుడు ఎక్కడున్నాడో లెక్కించాలి. అలా చేయకపోతే 7.5 డిగ్రీల తేడా పడుతుంది. భూమధ్యరేఖ వైపు తిప్పిన ప్యానెల్‌కు ఉదయపు తప్పు, సాయంత్రపు తప్పు చాలావరకు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఏడాది మొత్తం బాగానే ఉంటుంది, గంటల వారీ అంకెలు మాత్రం చెడిపోతాయి. బ్యాటరీ పరిమాణం తేల్చడానికో, గ్రిడ్ అధ్యయనానికో ఆ గంటల అంకెలే వాడితే దెబ్బ అక్కడ తగులుతుంది.

దీన్ని పట్టే ఉపాయం పీవీలిబ్‌లోనే ఉంది. మబ్బు లేని ఒక రోజును ఎంచుకుని, కొలిచిన వికిరణం (పడే ఎండ బలం) మీద ఇనైకెన్ క్లియర్ స్కై మోడల్ (మబ్బు లేనప్పుడు ఎంత ఎండ పడాలో లెక్కించేది) గీతను గీయండి. రెండు గీతలూ ఒకే ఆకారంలో ఉండి పక్కకు జరిగి ఉంటే టైమ్‌స్టాంపు తప్పు. పక్కకు జరగకుండా ఎత్తులోనే తేడా ఉంటే సెన్సర్ క్యాలిబ్రేషన్, దుమ్ము, లేదా మోడల్‌కు ఇచ్చిన వాతావరణ మాలిన్యపు విలువలను అనుమానించాలి. పది నిమిషాల పని. ఇది చేయకుండా ముందుకు వెళ్లిన విశ్లేషణను నమ్మనక్కర్లేదు.

సూర్యోదయ, సూర్యాస్తమయాల దగ్గర ఇంకో గోతి ఉంది. నేలకు సమాంతరంగా ఉన్న తలం మీద పడే మొత్తం వెలుగు నుంచి ఆకాశంలో చెదిరి వచ్చే వెలుగును తీసేసి, మిగిలినదాన్ని జెనిత్ కోణపు (నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత దిగువన ఉన్నాడో చెప్పే కోణం) కొసైన్‌తో భాగిస్తే నేరుగా వచ్చే కిరణాల బలం వస్తుంది. జెనిత్ 89 డిగ్రీలున్నప్పుడు ఆ కొసైన్ 0.0175. అంటే సెన్సర్‌లో చదరపు మీటరుకు ఉన్న 5 వాట్ల పొరపాటు 57 రెట్లై 285 వాట్లుగా తేలుతుంది. జెనిత్‌కు ఒక హద్దు పెట్టుకుని, అది దాటిన విలువలను వదిలేయడమే మందు.

దిశ విషయంలో పీవీలిబ్ లెక్క ఇది: ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. యూరోపియన్ కమిషన్ నడిపే పీవీజీఐఎస్ వెబ్‌సైట్‌లో దక్షిణం 0, తూర్పు మైనస్ 90. అక్కడి అంకెను ఇక్కడ అలాగే దించితే ఉత్తరార్ధగోళంలో ప్యానెల్ ఉత్తరానికి తిరిగి కూర్చుంటుంది. వాలు తక్కువగా, ఊరు భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే ఉత్పత్తి కొద్దిగానే పడిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఉష్ణోగ్రత దగ్గర మరీ జాగ్రత్త కావాలి. డేటా షీట్‌లో పవర్ ఉష్ణోగ్రత గుణకం డిగ్రీకి మైనస్ 0.35 శాతం అని ఉంటే పీవీలిబ్‌కు మైనస్ 0.0035 ఇవ్వాలి. శాతాన్ని అలాగే ఇచ్చేస్తే మధ్యాహ్నం పవర్ మైనస్‌లోకి పోతుంది. ఆ తప్పు తనను తానే పట్టిస్తుంది కాబట్టి అదృష్టమే. మైనస్ గుర్తు మరిచిపోతే మాత్రం చిక్కు. సెల్ 66 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 25 డిగ్రీల ప్రమాణంతో పోలిస్తే పవర్ 14 శాతం తగ్గాలి. తగ్గడానికి బదులు 14 శాతం పెరుగుతుంది, గ్రాఫ్ అందంగానే ఉంటుంది.

సెల్ వేడి లెక్కకు శాండియా మోడల్ వాడితే ప్యానెల్‌ను ఎలా బిగించారో చెప్పే గుణకాల జత ఎంచుకోవాలి. గాలి ఆడే ఫ్రేమ్ మీద నిలిపిన, వెనక పాలిమర్ షీటున్న ప్యానెల్‌కు ఎ విలువ మైనస్ 3.56, బి విలువ మైనస్ 0.075. సెకనుకు ఒక మీటరు గాలిలో, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో సెల్ ఉష్ణోగ్రత బయటి గాలికన్నా సుమారు 29 డిగ్రీలు ఎక్కువ. అదే ప్యానెల్ వెనక గాలి ఆడకుండా కప్పుకు అతికిస్తే గుణకాలు మైనస్ 2.81, మైనస్ 0.0455 అవుతాయి, తేడా 57 డిగ్రీలు దాటుతుంది. ఆ 28 డిగ్రీలకు పవర్‌లో దాదాపు 10 శాతం పోతుంది. ఉదాహరణ కోడ్‌లో ఉన్న మొదటి జతను అలాగే కాపీ చేసి రూఫ్‌టాప్‌కు వాడేయడం కొత్తవారి అలవాటు. ఇంకొకటి, ఈ మోడల్‌కు కావలసింది 10 మీటర్ల ఎత్తులో కొలిచిన గాలి వేగం. ప్యానెల్ పక్కన పెట్టిన అనిమోమీటర్ అంకె ఇస్తే గాలి వేగం తక్కువగా పడి, లెక్కలో సెల్ ఉన్నదానికన్నా వేడిగా తేలుతుంది.

డిఫాల్ట్‌ల విషయంలో డెవలపర్ల మీద మాకు ఫిర్యాదు ఉంది. వాలు ప్యానెల్ మీది వెలుగును నేరుగా లెక్కించే ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే ఐసోట్రోపిక్ మోడల్ వాడుతుంది. అంతా ఒకేసారి నడిపే మోడల్‌చెయిన్ మాత్రం హే-డేవిస్ వాడుతుంది. ఐసోట్రోపిక్ మోడల్ ఆకాశమంతా ఒకేలా వెలుగుతుందనుకుని, సూర్యుడి చుట్టూ ఉండే అదనపు కాంతిని వదిలేస్తుంది. ఒకే డేటా, ఒకే ప్యానెల్, రెండు దారుల్లో రెండు జవాబులు! నేల పరావర్తనానికి డిఫాల్ట్ 0.25. మంచు మీద, తెల్లటి కప్పు మీద అది చెల్లదు. మోడల్ పేరు, ఆల్బెడో (ఆ నేల పరావర్తన విలువ) ప్రతిసారీ స్వయంగా రాసుకోవడమే క్షేమం. మొదటి నెల మోడల్‌చెయిన్ ముట్టుకోకుండా ఫంక్షన్లను ఒక్కొక్కటిగా పిలవడం ఇంకా మంచిది.

నష్టాల లెక్కకు పీవీవాట్స్ పద్ధతి ఉంది: దుమ్ము 2 శాతం, నీడ 3, మిస్‌మ్యాచ్ (ప్యానెళ్ల మధ్య తేడాలు) 2, వైరింగ్ 2, కనెక్షన్లు 0.5, మొదటి ఎండకు తగ్గేది 1.5, నేమ్‌ప్లేట్ తేడా 1, ప్లాంటు ఆగిపోవడం వల్ల 3. కూడితే 15. ఫంక్షన్ మాత్రం 14.08 అంటుంది, అదే సరైనది, ఎందుకంటే ఒక నష్టం పోగా మిగిలినదాని మీదే రెండోది పడుతుంది. ఈ ఒక్క లెక్క కాగితం మీద చేసి చూసుకుంటే మిగతా గొలుసంతా సులువుగా అర్థమవుతుంది.

డేటా తెచ్చుకోవడానికి పీవీజీఐఎస్, ఎన్ఎస్ఆర్‌డీబీ (అమెరికా జాతీయ సౌర వికిరణ డేటాబేస్) వంటి చోట్ల నుంచి నేరుగా దించే ఫంక్షన్లున్నాయి. ఇవి చాలా సమయం మిగులుస్తాయి. కానీ పిండి కొద్దీ రొట్టె. ఉపగ్రహ చిత్రాల నుంచి అంచనా వేసిన వికిరణాన్ని నేల మీద కొలిచినదిగా రాసుకోకూడదు.

ఇది చేయని పనులూ చాలానే ఉన్నాయి. డబ్బు లెక్కలకు, బ్యాటరీకి అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఎన్ఆర్ఈఎల్ తయారుచేసిన సిస్టమ్ అడ్వైజర్ మోడల్ చూడాలి. సెల్ లోపలి పొరల భౌతికశాస్త్రానికి గెంట్ విశ్వవిద్యాలయపు స్కాప్స్, మొత్తం గ్రిడ్‌కు పైప్సా ఉన్నాయి. పెరోవ్‌స్కైట్ పదార్థాల మీదో, ఎలక్ట్రోలైజర్ల మీదో పనిచేయాలనుకునేవారికి పీవీలిబ్ ప్రాణావసరమేమీ కాదు. ప్లాంటు పనితీరు, ఉత్పత్తి అంచనా, ప్యానెళ్ల క్షీణత వైపు వెళ్లేవారికి మాత్రం ఇది రాకపోతే కుదరదు.

ఉద్యోగానికో, పీహెచ్‌డీకో దరఖాస్తు పెట్టేవారు పీవీలిబ్ వచ్చు అని రాస్తే చాలదు. పీవీడాక్ వంటి బహిరంగ డేటాలో ఒక ప్లాంటు ఎంచుకుని, పైన చెప్పిన గొలుసంతా నడిపి, లెక్కకట్టిన పవర్‌ను కొలిచినదానితో పోల్చి, సగటు తేడా, ఆర్ఎమ్ఎస్ఈ (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) రెండూ ఇవ్వాలి. మిగిలిన తేడా ఏ నెలలో, ఏ గంటలో, ఎందుకు వస్తోందో రెండు పేజీల్లో వివరిస్తే చదివేవారికి మనిషి పని తెలిసిపోతుంది. తేడా సున్నా అని చూపిస్తే మాత్రం ఎవరూ నమ్మరు. ఎక్కడో గుణకం తిప్పారని అనుకుంటారు.

వాడిన వెర్షన్ నంబరు ఆ రిపోర్టులో తప్పక రాయాలి. ఈ ప్యాకేజీ ఏళ్ల తరబడి సున్నాతో మొదలయ్యే వెర్షన్లలోనే నడిచింది. ఫంక్షన్ల పేర్లు, ఇన్‌పుట్‌ల పేర్లు మారుతుంటాయి, రెండేళ్ల నాటి కోడ్ ఇవాళ నడవకపోవచ్చు. డాక్యుమెంటేషన్ మంచిదే, చాలా ఫంక్షన్ల కింద మూల పేపరు ఉంటుంది. ఉదాహరణల గ్యాలరీ అంతకన్నా మేలు. ఎక్కడైనా యూనిట్ అస్పష్టంగా కనిపిస్తే గిట్‌హబ్‌లో సవరణ పంపొచ్చు, కోడ్‌లో మొదటి అడుగుకు అంతకన్నా తేలికైన దారి లేదు. కొత్త ఫంక్షన్ చేర్చాలంటే మాత్రం టెస్టులు, మూల పేపరు, యూనిట్ల వివరణ అన్నీ అడుగుతారు. అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులే పడుతుంది, తీరిక చూసుకుని మొదలుపెట్టండి.